కిటికీకి వీపు పెట్టిన మనిషి

రాజధాని చూడ్డానికి వచ్చేవాళ్ళలో సగం మంది రాజధానిని చూడరు. ఫోను చూసుకుంటారు, బొబ్బలెక్కిన కాళ్ళు చూసుకుంటారు, మరుగుదొడ్డి ఎక్కడుందా అని చూస్తారు. మిగిలిన సగం మందికి చూపించడానికి గైడు ఉంటాడు. ఆ గైడయితే అసలే చూడడు. వీపు కట్టడం వైపు, మొహం జనం వైపు పెట్టుకుని, వెనక్కి నడుస్తూ బతుకు వెళ్ళదీస్తాడు.

ఇది అలా వెనక్కి నడిచి నడిచి సొంత పేరు పోగొట్టుకున్న ఒక మనిషి కథ. తోటి గైడ్లు అతన్ని వెనకడుగు అనేవాళ్ళు. ఆఫీసు గోడ మీద డ్యూటీల బోర్డులో కూడా అదే రాసేవాళ్ళు.

అంతకుముందు చెప్పుల దుకాణంలో చేశాడు, ప్రెస్సులో చేశాడు, ఎక్కడా నిలదొక్కుకోలేదు. నోరు ఊరుకోదు. చెప్పులు కొనడానికొచ్చిన ఒక పెద్దమనిషితో "ఇది మీ కాలికి నప్పదండీ, ఆ మాటకొస్తే మీ కాలికి ఏదీ నప్పదు" అన్నాడు. ఆ పూటే ఇంటికి పంపించేశారు. వాగుడే కూడు పెట్టే ఉద్యోగం ఒకటుందని ఎవరో చెబితే టూరిస్టు ఆఫీసులో చేరాడు. పని నేర్పినవాడు ఒక గడ్డం మాస్టారు. ఆయన నేర్పింది ఒక్కటే.

"ఒరేయ్, నువ్వు చూడాల్సింది గోడల్ని కాదు, మొహాల్ని. ఒక్కసారి వెనక్కి తిరిగావా, జనం చెదిరిపోతారు. ఒకడు నీళ్ళసీసా కొనుక్కోడానికి పోతాడు, ఒకడు పావురాల వెంట పోతాడు, ఒకావిడ ఏకంగా పక్క గైడుతో పోతుంది. తిరగకు. నీ వెనక భూకంపం వచ్చినా సరే, తిరగకు."

వెనకడుగు ఆ మాటను మనసులో కాదు, మడమల్లో పెట్టుకున్నాడు. ఊరంతా మడమలతోనే నేర్చుకున్నాడు. వంతెన మొదట్లో ఒక రాయి కాస్త లేచి ఉంటుంది, ఎడమ మడమకి అది తగలగానే "ఇక్కడి నుంచి నది మలుపు తిరుగుతుంది" అనాలి. గడియార స్తంభం కింద గచ్చు అరిగి నున్నగా ఉంటుంది, కాలు జారుతున్నట్టుంటే ఆగాలి. గంట కొట్టేటప్పుడు స్తంభం లోపల్నించి ఇనప సిపాయి బయటికొచ్చి సలాం కొడతాడు. పిల్లల నోళ్ళు తెరుచుకోవడం చూసి సిపాయి వచ్చాడని, పెద్దల నోళ్ళు మూసుకోవడం చూసి లోపలికెళ్ళాడని అతనికి తెలిసేది. ఆ సిపాయికి మీసం ఉందా లేదా అని అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడు.

ఆ తరవాత కాళ్ళ కింద గులకరాళ్ళు కరకరలాడితే పాత రాజభవనం వచ్చినట్టు. రాజులు పోయారు, ఇప్పుడు మ్యూజియం. అతని భార్య పనిచేసింది అందులోనే.

మూడో అంతస్తులో, చివరి గదిలో, కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. పాత పరదాలు, సింహాసనాల మీది గుడ్డలు, జెండాలు, ఏవి చిరిగినా అతుకు కనపడకుండా కుట్టేది. వెలుతురు బాగుంటుందని కిటికీకి ఆనుకునే కూర్చునేది. దారాన్ని పళ్ళతో కొరక్కూడదని అక్కడ రూలు. ఎంగిలి తగిలితే పాతగుడ్డ పాడవుతుందట. పక్కనే కత్తెర పెట్టేవాళ్ళు. ఎవరూ చూడకపోతే ఆవిడ పళ్ళతోనే కొరికేది. ఇంట్లోనూ అంతే. మొగుడి చొక్కా గుండీ ఊడితే చొక్కా విప్పనిచ్చేది కాదు. ఒంటి మీదే కుట్టి, గుండెల మీదికి వంగి, పుటుక్కున కొరికేది. ఆ ఊపిరి ఛాతీకి వెచ్చగా తగిలేది.

ఒకరోజు ఎవరో టూరిస్టు పైకి చెయ్యి చూపించి, "ఆ కిటికీలో ఆవిడెవరండీ?" అన్నాడు.

నోరు ఊరుకోదని ముందే చెప్పాను కదా. "ఏ ఆవిడండీ?" అన్నాడు వెనకడుగు, మొహం గంభీరంగా పెట్టి. "ఆ గదికి తాళం పడి వందేళ్ళయింది."

గుంపు మొత్తం గుటకలు మింగింది. ఒకావిడ మొగుడి చెయ్యి పట్టుకుంది, అదీ పక్కవాళ్ళ మొగుడి చెయ్యి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెబితే భార్య పడీ పడీ నవ్వింది. "బతికుండగానే దయ్యాన్ని చేసేశావా? అయితే నాకేం పని చెప్పావు? రాజుగారి కోసం ఏడుస్తున్నానా?"

"మరి? యుద్ధానికెళ్ళిన రాజు కోసం పరదా కుడుతూ..."

"పోవయ్యా. రాజు కోసం ఎవరు కుడతారు, కూలి కోసం కుడతారు గానీ. నేను చెబుతా విను. ఆవిడ మొగుడు ఈ గేటుకి కాపలావాడు. ఒకరోజు గేటు దాటి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆవిడ కుడుతూనే ఉంది. దారం అయిపోయినప్పుడల్లా కిందికి చూస్తుంది, ఆ మనిషి వీపు కనిపిస్తుందేమోనని."

"వీపేంటే? మొహం కదా కనిపించాల్సింది?"

"నాకు రోజూ కనిపించేది వీపే కదయ్యా. నడినెత్తిన నీ జుట్టు పలచబడుతోంది. నీకంటే ముందు నేనే చూశా."

అలా ఆ కథ పుట్టింది. నాలుగు గంటల టూరు రాజభవనం ముందుకొచ్చేసరికి ఆవిడ తెల్ల శాలువా కప్పుకుని, దారం బారెడు లాగి, మెల్లగా తల తిప్పి కిందికి చూసేది. మొగుడు వెనక్కి తిరక్కుండానే, జనం మొహాల్లో పెళ్ళాన్ని చూసుకునేవాడు. ఈ రోజు నవ్వు ఆపుకోలేక పరదా చాటుకి తప్పుకుందా, ఈ రోజు నీరసంగా ఉందా, అన్నీ అవతలివాళ్ళ కళ్ళలో తెలిసిపోయేవి. ఊళ్ళో ఇంతమంది మొగుళ్ళూ పెళ్ళాలూ ఉన్నారు గానీ ఇలా సరసమాడుకున్న జంట ఇంకోటి ఉండదు.

తరవాత ఆవిడ చనిపోయింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మందులు పనిచేస్తున్నాయన్నారు, చేస్తున్నాయనే అనుకున్నారు, ఒక తెల్లారగట్ట చెయ్యలేదు. మ్యూజియంవాళ్ళు ఇంకొకరిని పెట్టుకోలేదు. కుట్టుపని బయటికిచ్చేసి ఆ గదికి తాళం వేశారు. మొగుడు ఇన్నేళ్ళూ చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంది.

మళ్ళీ డ్యూటీకొచ్చిన మొదటి రోజు అతను కథ చెప్పకూడదనుకున్నాడు. గులకరాళ్ళ మీద ఆగి, స్తంభాల గురించి చెప్పాడు, గేటు మీది సింహాల గురించి చెప్పాడు, ఇక పదండి అన్నాడు. గుంపు కదల్లేదు. మొహాలన్నీ పైకి లేచి ఉన్నాయి.

"ఆ కిటికీలో ఆవిడెవరండీ?" అంది ఒక పెళ్ళికాని పిల్ల.

వెనకడుగు మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ పిల్లకి అతనెవరో తెలియదు. కథా తెలియదు.

"ఏం చేస్తోంది?" అన్నాడు.

"కుడుతోందండీ. అదిగో, దారం పళ్ళతో కొరికింది."

అతను తిరగలేదు. గడ్డం మాస్టారి మాట గుర్తొచ్చి కాదు. తిరిగితే ఏముంటుందోనన్న భయం ఒకటి, తిరిగితే ఏమీ ఉండదేమోనన్న భయం ఇంకొకటి, రెండూ చెరో భుజం పట్టుకుని నిలబెట్టేశాయి. ఆ క్షణంలో ఛాతీ మీద, గుండీ దగ్గర, వెచ్చగా ఊపిరి తగిలినట్టయింది. అంత దగ్గరగా ఎవరూ లేరు.

మర్నాటి నుంచి కథ మళ్ళీ మొదలుపెట్టాడు. దారం కొరకడం గురించి మాత్రం ఎప్పుడూ, ఎవరికీ చెప్పలేదు. అది తన పరీక్ష. రోజూ కాకపోయినా, గుంపులో ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్ళు. "కొరుకుతోంది చూడు." ఆ ఒక్క మాట కోసం అతను మర్నాటి దాకా బతికేవాడు. ఆఫీసువాళ్ళు కరపత్రం మీద 'దయ్యం కిటికీ' అని అచ్చేయించారు. గడియార స్తంభం కంటే దీనికే జనం ఎక్కువయ్యారు. అతను ఇంటికెళ్ళేటప్పుడు కూడా రాజభవనం ముందు నుంచి వెళ్ళేవాడు కాదు. వెనక సందులోంచి, తల దించుకుని, చుట్టు తిరిగి పోయేవాడు. ఆ కిటికీని ఆవిడ పోయాక ఒక్కసారి కూడా చూడలేదు.

అతనికో కూతురు. అదే ఆఫీసులో పొద్దుటి టూర్లు చేసేది. తల్లి నోరు, తండ్రి కాళ్ళు. ఆ పిల్ల దగ్గర దయ్యాల మాటలు సాగవు.

"నాన్నా, నేను వందసార్లు చూశా ఆ కిటికీని. మాసిన పరదా ఉంది, పావురం రెట్ట ఉంది. అమ్మ లేదు."

"మరి వాళ్ళకెలా కనిపిస్తుందమ్మా?"

"జనం చెప్పింది చూస్తారు. నువ్వు ఏనుగుందని చెప్పు, తొండంతో సహా చూసొస్తారు."

"దారం కొరకడం నేను చెప్పలేదుగా."

"కుట్టేవాళ్ళెవరైనా కొరుకుతారు నాన్నా! కుట్టడం అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది." గొంతు తగ్గించింది. "ఒక్కసారి నీ కళ్ళతో చూడు. తేలిపోతుంది. ఇలా రోజూ ఆవిణ్ణి మోస్తూ ఎన్నాళ్ళు తిరుగుతావు?"

తేలిపోవడమే అతనికి వద్దు. చూసి, అక్కడ మాసిన పరదా తప్ప ఏమీ లేదని తేలితే, ఆవిడ రెండోసారి పోయినట్టు. ఈసారి చంపింది తన కళ్ళే అవుతాయి. అలాగని చూడాలని లేదా? రాత్రి పక్క మీద వాలితే మెడ దానంతటదే వెనక్కి తిరిగేది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, నగరపాలకవాళ్ళు అడ్డొచ్చారు. కార్లు లోపలికి రాకుండా రాజభవనం గేటు ముందు ఇనప గుంజలు పాతారు. ముందురోజు సాయంత్రం లేవు, మర్నాడున్నాయి. మనిషికి కళ్ళు మొహాన ఉంటే కనిపించేవి. వెనకడుగుకి ఉన్నవి మడమల్లో, వాటికెవరూ కబురు పెట్టలేదు. వెల్లకిలా పడ్డాడు. తుంటి ఎముక బీట వేసింది. పడ్డవాడు పడ్డట్టు ఆకాశం వైపు చూడాలి కదా. కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. స్ట్రెచర్ మీద వ్యాను ఎక్కించేదాకా తెరవలేదు. స్పృహ తప్పిందనుకున్నారు అందరూ.

డాక్టరు ఎక్స్‌రే చూసి అడిగాడు. "ఏం పని చేస్తారు?"

"వెనక్కి నడుస్తానండీ."

"ఇకనుంచి ముందుకి నడవండి. అదీ కర్రతో."

కొన్ని వారాలు మంచానికి అంటుకుపోయి, ఇంట్లో కర్రతో నాలుగడుగులు వెయ్యడం మొదలుపెట్టాక ఒక మధ్యాహ్నం తోటి గైడు చూడ్డానికొచ్చాడు. మాటకి ముందు ఈల వేస్తాడని వాణ్ణి ఈలగాడు అంటారు. నాలుగు గంటల టూరు తాత్కాలికంగా వాడే చేస్తున్నాడు. గుంజకి కొట్టుకున్న మనిషని కాసేపు ఆట పట్టించాడు, ఆఫీసు కబుర్లు చెప్పాడు, లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"బావా, ఒకమాట. నువ్వు లేనప్పట్నుంచి మీ దయ్యానికి స్థిమితం లేదు."

"అంటే?"

"నాకేం తెలుసు, నేనూ నీలాగే వీపు తిప్పుకునేవాణ్ణి. జనం అంటున్నారు. ఇదివరకు కూర్చుని కుట్టేదట కదా, ఇప్పుడు లేచి నిలబడుతోందట. అద్దానికి మొహం ఆనించి అటూ ఇటూ చూస్తోందట. నిన్న ఒక కుర్రది ఏడ్చేసింది. నాకు ఆ టూరు వద్దని ఆఫీసులో చెప్పేశా. రేపట్నుంచి మీ అమ్మాయే చేస్తుంది. నీతో చెప్పలేదా?"

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూతురు ఆ సాయంత్రం చెప్పింది. "చెబితే నువ్వు వస్తానంటావని."

"వస్తాను."

కూతురు కర్ర తెచ్చి మంచం పక్కన పెట్టింది. "అయితే గుంపు వెనకాల నిలబడు. అందర్లాగే. అందరూ ఎటు చూస్తే నువ్వూ అటే చూడాలి. సరేనా?" అంది.

గుంపు వెనక నిలబడ్డం అంటే కిటికీకి ఎదురుగా నిలబడ్డం. అతను తల ఊపాడు.

మర్నాడు నాలుగు గంటల టూరులో వెనకడుగు జీవితంలో మొదటిసారి ముందుకి నడిచాడు. కర్ర ఊతంతో, అందరికంటే ఆఖర్న. వంతెన మీద నది నిజంగానే మలుపు తిరిగి ఉంది. ఇనప సిపాయికి మీసం ఉంది, ఒక పక్కది విరిగింది. ఇన్నేళ్ళూ తను పొగిడిన ఊరు ఇంత ఇరుగ్గా, ఇంత మసి పట్టి ఉంటుందని అతను అనుకోలేదు. పరాయి ఊరికొచ్చినట్టుంది. కాళ్ళ కింద గులకరాళ్ళు కరకరలాడగానే మాత్రం చూపు టక్కున నేలకి దించేశాడు.

అతని పక్కనే ఒక ముసలావిడ మడత స్టూలు వేసుకుని కూర్చుంది. కొడుకూ కోడలూ ముందు వరసలో ఫొటోలు తీసుకుంటున్నారు. ఆవిడకి బ్రహ్మచెవుడు. చెవిటివాళ్ళందరిలాగే ఆవిడా అవతలివాళ్ళు చెవిటివాళ్ళయినట్టు అరుస్తోంది.

"పొద్దుట్నుంచీ తిప్పుతున్నారు నాయనా! మా కోడలు అన్నీ చూడాలంటుంది. చూస్తే సరిపోతుందా, చెప్పేది వినపడొద్దూ? నాకు ఉరుమే వినపడదు, ఈ పిల్ల మాటేం వినపడుతుంది! ఏదో పెదాలు ఆడుతున్నాయి, అంతే."

ముందు, అతను రోజూ నిలబడే చోట, కూతురు నిలబడింది. కిటికీకి వీపు పెట్టి, జనానికి గుర్తుగా అతనెత్తే పసుప్పచ్చ గొడుగే పైకెత్తి, కథ మొదలుపెట్టింది. ఈ భవనంలో పరదాలు కుట్టే ఆవిడ ఉండేది. ఆవిడ మొగుడు ఈ గేటుకి కాపలావాడు. గుంపు తలలు ఒక్కటొక్కటే పైకి లేస్తున్నాయి. వెనకడుగుకి ఇప్పుడు మొహాలు కనిపించడం లేదు. మెడలే కనిపిస్తున్నాయి. మొహాలు లేకపోతే ఆవిడ ఎలా ఉందో అతనికి తెలిసే దారి లేదు. ఉన్న దారి ఒకటే.

కర్రని రెండు చేతులతో పట్టుకుని తల ఎత్తాడు.

మూడో అంతస్తు. చివరి కిటికీ. అద్దం మీద దుమ్ము. మాసిన పరదా. కింద చట్టం మీద పావురం రెట్ట.

అంతే. ఎండ పక్కకి వాలి అద్దం మీద ఆకాశం కనిపిస్తోంది, అదీ పోతోంది. అతను రెప్ప వెయ్యకుండా చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకునేలోపు వచ్చి పోతుందేమోనని. రాలేదు. కూతురు చెప్పిందే నిజం. ఇన్నేళ్ళూ ఏనుగుందన్నాడు, వాళ్ళు తొండం చూశారు.

ఇక వెళ్ళిపోదామని కర్ర తిప్పుకుంటుంటే పక్కనుంచి ముసలావిడ అరిచింది.

"ఎవరు నాయనా ఆవిడ? పాపం, ఎవర్నో వెతుక్కుంటోంది."

అతని కాళ్ళు ఆగిపోయాయి. ముసలావిడ కూడా ఆ కిటికీ వైపే చూస్తోంది. కథ ఆవిడ చెవిన పడలేదు, పడదు. అతను ఆవిడ భుజం తట్టి, ఎక్కడ అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"అదిగో, ఆ చివరి కిటికీలో! నీకు కళ్ళు కూడా కనపడవా? కుట్టుపని మనిషల్లే ఉంది, చేతిలో సూది ఉంది. దారం కొరికి పారేసింది, ఇంకోటి ఎక్కించుకోదేం? కిందికే చూస్తోంది. అదిగో, ఆ గైడు పిల్ల నిలబడిందే, ఆ చోటునే చూస్తోంది. ఉండాల్సినవాళ్ళు లేరు కాబోలు. అయ్యయ్యో, అద్దానికి మొహం ఆనించేసింది."

వెనకడుగు పైకి చూశాడు. దుమ్ము, పరదా, రెట్ట. ముసలావిడ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో, ఎన్నో ఏళ్ళుగా వేల మొహాల్లో చూసినట్టే, తన భార్య స్పష్టంగా ఉంది.

ఇన్నాళ్ళూ తను చూడాలా వద్దా అని కొట్టుకున్నాడు. అవతల చూస్తున్నది ఆవిడ. ఆవిడకి కావలసింది ఇతని కళ్ళు కాదు, వీపు. జుట్టు పలచబడ్డ ఆ నడినెత్తి. ఇతను గుంపు వెనక, మెడలెత్తిన ఇంతమంది మధ్య, ఆవిడకి ఎదురుగా మొహం పెట్టి నిలబడితే ఎలా గుర్తుపడుతుంది? ఇతని మొహాన్ని ఆ కిటికీలోంచి ఆవిడ ఏనాడూ చూడలేదు.

అతను గుంపులోకి దూరాడు. "ఏమిటండీ తోసుకుంటారు?" అన్నాడొకడు. "వరసలో ఉండండి పెద్దాయనా," అంది ఇంకొకావిడ. కర్ర ఎవరి కాలి మీదో పడింది. తుంటిలో మంట లేచింది. ఇనప గుంజ పక్కనుంచి, కూతురి దగ్గరికొచ్చి నిలబడి, నెమ్మదిగా, కాలు కాలు సర్దుకుంటూ తిరిగాడు. కిటికీకి వీపు. జనానికి మొహం.

కూతురు మాట మధ్యలో ఆగిపోయింది. "నాన్నా, ఏంటిది? చూశావా? లేదు కదా?"

"లేదు," అన్నాడు. "నువ్వు కథ కానివ్వు."

గుంపు వెనక నుంచి ముసలావిడ గొంతు, ఉరుములా, అందరి తలల మీదుగా వచ్చింది.

"హమ్మయ్య! కూర్చుంది! సూదిలో దారం ఎక్కించుకుంటోంది!"

గాలి లేదు. అతని చొక్కా పై గుండీ దగ్గర, ఛాతీ మీద, వెచ్చగా ఊపిరి తగిలింది. అదే క్షణంలో కూతురూ ఉలిక్కిపడి తన గుండెల మీద చెయ్యేసుకుంది. తండ్రి వైపు చూసింది. తండ్రి తన వైపు చూడ్డం లేదు, జనం మొహాలు చూసుకుంటూ చిన్నగా నవ్వుతున్నాడు. ఆ పిల్ల మెడ మెల్లగా కిటికీ వైపు తిరగబోయింది.

"తిరగకమ్మా," అన్నాడు వెనకడుగు. "జనం చెదిరిపోతారు."